కాయకము – కూలి ఋణము





బసవ జయంతి నాడు తిరువూరులో నేను చేసిన ప్రసంగమును వ్రాసి పంపుమని సంపాదకులు కోరిరి. ఆనాడు సభలో చెప్పినది కొంత, చెప్పుటకు నోరు రాక ఇంటికి వచ్చిన పిమ్మట తలపోసినది కొంత చేర్చి వ్రాయుచున్నాను. ప్రతి సంవత్సరము వలెనే ఈ మారును బసవేశ్వరుని జననము, కూడలసంగమ నివాసము, కల్యాణ కటకమున మంత్రిత్వము, అనుభవ మంటపము మొదలగు విషయములు చెప్పుదునని సభవారు ఎదురు చూచిరి. నేను మాత్రము ఒక నోటు పుస్తకమును చేత పట్టుకొని వేదిక ఎక్కితిని. అది బడిపిల్లలు వాడునట్టి నూరు పుటల గీతల పుస్తకము. దాని కథ చెప్పుటకు ముందు పెద్దలు చెప్పిన కథ యొకటి చెప్పవలసియున్నది.

కల్యాణమున నులియ చందయ్య యను శరణుడుండెను. చెరువు గట్టున గడ్డి కోసి, త్రాళ్లు పేని, వాటిని అమ్మగా వచ్చిన దానితో జంగమారాధన చేయుట ఆయన కాయకము. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీట పడెను. చందయ్య వెనుదిరిగి చూడలేదు. పని ఆపలేదు. లింగమే ఆయన వెంటబడి వచ్చినదనియు, మడివాలు మాచయ్యగారు నడుమ నిలిచి సర్దిచెప్పిరనియు, అప్పుడు చందయ్య "లింగమైనను కాయకము చేయవలసినదే, ఈ త్రాడు అమ్మి రావలె" నని నియమము పెట్టెననియు శరణ చరిత్రలు చెప్పును. లింగము త్రాడును కొనిపోయి బసవేశ్వరునకమ్మెను. బసవేశ్వరుడు భక్తిపారవశ్యమున త్రాటి వెలకు ఎన్నో మడుగులుగా వేయి హొన్నులు ముట్టజెప్పెను. ఆ ధనమును చూచి చందయ్య సంతసింపలేదు సరిగదా, త్రాటికి తగిన వెల యేదో అదియే చాలునని మిగిలినది త్రోసిపుచ్చెను.

ఈ కథను మనము చందయ్య నిస్పృహకు దృష్టాంతముగా చెప్పుకొందుము. మంచిదే. కాని నేను బడిలో లెక్కలు చెప్పువాని ప్రక్క గదిలో ముప్పది ఏండ్లుగా కూర్చుండిన వాడను. నాకు ఇందులో లెక్క కూడ కనబడును. త్రాటికి ఒక వెల కలదు. ఆ వెలకు మించి తీసికొనుట తగదని చెప్పిన నోటనే, ఆ వెలకు తక్కువగా ఇచ్చుటయు తగదని చెప్పినట్లు కాలేదా? తగినదే తీసికొందునన్నవానికి తగినది ముట్టకున్న యెడల దోషమెవ్వరిది?

అయిదక్కి మారయ్యగారి కథయు ఇట్టిదే. నేల రాలిన బియ్యమేరి తెచ్చి దాసోహము చేయు ఆ శరణుడు ఒకనాడు అలవాటునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ చేటను చూచినంతనే గుర్తించి, ఎక్కువైన బియ్యమును ఎచ్చటనుండి తెచ్చితివో అచ్చటనే పోసి రమ్మనెను. బియ్యమును గూర్చిన కథ కనుక మా ప్రాంతపు బియ్యపు మిల్లు కథ నాకు వెంటనే స్ఫురించును.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఈ ప్రాంతము ఇంకను కృష్ణా జిల్లాలోనే యున్నప్పుడు, మహాశివరాత్రికి వారము ముందు నా పూర్వ విద్యార్థి యొకడు మా ఇంటికి వచ్చెను. ఒక బియ్యపు మిల్లులో యంత్రము నడుపు పని వానిది. మిల్లు పేరు, యజమాని పేరు ఇచట అక్కరలేదు. యజమాని లింగధారి. పనివాడును లింగధారియే. ధాన్యము వచ్చు రోజులలో ఉదయము ఆరు గంటలకు మిల్లులో అడుగిడి సాయంకాలము ఆరు గంటలకు గాని వెలుపలికి రాడు. వారమునకు ఆరు దినములు. కూలి మాత్రము దినమునకు ఇంత యని ఒక్క లెక్క. ఎనిమిది గంటలైనను అంతే, పన్నెండు గంటలైనను అంతే. వాడు ఆ నోటు పుస్తకమును నా ముందు పెట్టెను. తేదీ, వచ్చిన వేళ, పోయిన వేళ, రెండు సీజనులు విడువకుండ వ్రాసినాడు. అక్షరములు నేను దిద్దించినవే. ఒక పుటలో రెండు గంటలు కొట్టివేసి ప్రక్కన, "పాపను ఆసుపత్రికి తీసుకుపోయాను" అని వ్రాసికొన్నాడు. తాను చేయని రెండు గంటలను తన పుస్తకమునుండి తానే తీసివేసినాడు. ఎవడు చూచెను? ఎవడడిగెను? చందయ్యగారి వంశము అంతరించలేదని నాకు ఈనాడు తోచును. ఆనాడు తోచలేదు.

"అడిగితే రేపటి నుంచి రావద్దన్నారు మాస్టారూ. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగెను.

శివరాత్రి నాటి జాగరణకు, మరునాటి అన్నదానమునకు అగు వ్యయమంతయు ఆ యజమానియే భరించుచుండెను. దాతల పట్టికను మైకులో చదువువాడను నేను. కనుక నేనేమంటినో మీరు ఊహింపగలరు. "మనలో మనకు కోర్టులేమిటి నాయనా! శివరాత్రి వెళ్లనీ, నేను మాట్లాడతాను" అంటిని.

శివరాత్రి వెళ్లెను. మాట్లాడితిని. యజమాని మర్యాదస్థుడు. కసురుకొనలేదు. ప్రభుత్వము వారు ఇయ్యవలసిన మరపట్టు ఛార్జీలు తనకే రాలేదనియు, విద్యుత్తు బిల్లు, బ్యాంకు వడ్డీ తలమీద ఉన్నవనియు, పండుగలకు బట్టలు పెట్టలేదా యనియు అనెను. అందులో అసత్యమేమియు లేదు. చిన్న మిల్లు నడపుట ఎంత కష్టమో తెలియక మాట్లాడువారిలో నేను చేరను. ఉగాదికి చూచెద ననెను. ఉగాదికి మామిడికాయల తరుణము వచ్చినది, ఆయన తోటల పనిలో పడెను. పిమ్మట శ్రావణమనిరి. పిమ్మట పంట చేతికి రానిమ్మనిరి. నేను ప్రతి మారును ఆ మాటనే మోసికొనిపోయి వానికి చెప్పితిని. మరుసటి ఉగాది కూడ దాటినది.

అప్పుడు గాని వాడు విజయవాడలో ఒక వకీలును చూడలేదు. వకీలు పుస్తకమంతయు చదివి, లెక్క సరిగానే యున్నదనెనట. కాని నాటి 1948 కనీస వేతనముల చట్టము క్రింద ఆరు నెలలలోపల, 1936 వేతన చెల్లింపు చట్టము క్రింద పన్నెండు నెలలలోపల అర్జీ పెట్టుకొనవలెను. పదమూడు నెలలు గడచినవి. కార్మిక న్యాయస్థానమునకు వేరొక దారి యున్నను, ఎన్ని గంటలు పనిచేసెనన్నదియే వివాదమైనప్పుడు ఆ దారి బహు దూరము. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో అధికారి మన్నింపవచ్చుననియు, కారణము వ్రాసి ఇమ్మనియు వకీలు చెప్పెను. కారణము నేను. నా పేరు వ్రాయవలసి వచ్చును. వాడు వ్రాయలేదు. పుస్తకమును తెచ్చి మా అరుగు మీద పెట్టి, "ఉంచండి మాస్టారూ" అని, ఆ వారమే భార్యాబిడ్డలతో పని వెదకికొనుచు హైదరాబాదు వెళ్లిపోయెను.

సభలో ఇంతవరకు చెప్పి కొంతసేపు నిలిచిపోతిని. తరువాతి భాగమును ఇంటనే వ్రాయుచున్నాను.

మన పంచాచారములలో భృత్యాచారము ఒకటి. శరణులకెల్ల తాను భృత్యుడనని నడచుకొనుట దాని లక్షణమని చెప్పుదుము. ఈ శబ్దమును తెలుగు పండితునిగా కొంత విప్పి చూతును. 'భృ' యను ధాతువునకు భరించుట, పోషించుట యని అర్థము. భరింపదగినవాడు భృత్యుడు. అతనిని భరించుటకై ఇచ్చునది భృతి, అనగా కూలి. అమరసింహుడు కూలివానికి చెప్పిన పేర్లలో భృతిభుక్కు ఒకటి, భృతిని భుజించువాడని. కావున భృతి లేనిదే భృత్యుడు లేడు. భృతిని ఆపి, గుడి మెట్ల మీద నిలిచి నేనందరికి భృత్యుడనని చేతులు జోడించుట ఆచారమగునా? మెట్ల మీద మైకు పట్టుకొని నిలిచినవాడనుగా ఈ ప్రశ్నను మొదట నన్నే అడుగుకొనుచున్నాను.

లెక్క ఎంతయో చూడుడు. గంటకు 50 రూపాయలనుకొందము, లెక్కకు సులువు. నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము వారమునకు 48 గంటలు దాటినచో దాటిన ప్రతి గంటకు రెట్టింపు కూలి. దినమునకు 12 గంటల చొప్పున ఆరు దినములకు 72 గంటలు. 48 గంటలకు 2,400 రూపాయలు. మిగిలిన 24 గంటలకు గంటకు 100 చొప్పున మరల 2,400 రూపాయలు. అనగా అట్లు పనిచేసినవానికి రావలసినది వచ్చుచున్నదానికి సరిగా రెండింతలు! పదునారు వారముల సీజనునకు ఆగిపోయిన సొమ్ము 38,400 రూపాయలు. అదేదో చిల్లర బాకీ యని నేననుకొంటిని. పుస్తకము దగ్గర పెట్టుకొని కూడినప్పుడు గాని తెలియలేదు.

ఈ 48 గంటలును ఒక్కనాడు వచ్చినవి కావు. 1922లో వారమునకు 60 గంటలు, 1934 చట్టముతో 54, డాక్టరు అంబేద్కరుగారు వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూచిన కాలపు కృషి ఫలితముగా 1946లో 48 గంటలు. రెట్టింపు కూలి యనునది పనివానికి బహుమానము కాదు. వాని విశ్రాంతిని, లింగపూజా సమయమును, బిడ్డలతో కూర్చుండు సాయంకాలమును కొనుచున్నాము గనుక దాని వెల అది. వెల ఎక్కువ పెట్టినది కొనకుండుటకే.

ఆ 72 గంటల లెక్క మన మిల్లుకే పరిమితము కాదు. 2020 ఏప్రిల్ 17న, కరోనా కాలమున, గుజరాత్ ప్రభుత్వము ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటలు, వారమునకు 72 గంటలు పని చేయించుకొనవచ్చుననియు, అధిక గంటలకు మామూలు కూలియే చాలుననియు ఉత్తరువు చేసెను. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకెక్కెను. అదే సంవత్సరము అక్టోబరు 1న న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ గారి ధర్మాసనము ఆ ఉత్తరువులను కొట్టివేసి, అంతవరకు పనిచేసినవారికందరికి అధిక కాలపు వేతనము చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. మహమ్మారి వలన కలిగిన ఆర్థిక భారమును కూలివాని వీపుమీదనే మోపరాదని దాని సారాంశము. అంతకు పూర్వము 1982లో ఢిల్లీ ఏషియాడ్ కట్టడముల పనివారి విషయమున, కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యగునని అదే న్యాయస్థానము చెప్పియున్నది. వెట్టి యను మాట మనకు క్రొత్తది కాదు. తిరువూరునుండి కొంత దూరము పోయినచో ఖమ్మము సీమ. ఆ వెట్టిని గూర్చి అక్కడి ముసలివారిని అడుగనక్కరలేదు, వారే చెప్పుదురు.

మంత్రి బసవన్నయు ఒక భండారమునకు అధికారియే గదా! రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పినవారి మాటలు విని బిజ్జలుడు లెక్క అడిగెను. బసవేశ్వరుడు కోపింపలేదు. నా భక్తిని శంకింతువా యనలేదు. భండారము తెరిపించి ఎంచి చూపించెను. తక్కువ పడలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఈ ఘట్టమును మన ఇండ్లలో ఎన్నో మారులు పారాయణ చేసితిమి. ధనము ఎవ్వని చేతిలో ఉన్నదో, లెక్క చూపు భారమును వానిదే యని ఎప్పుడైనను అనుకొంటిమా? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడు నందు ఇట్టి నియమము కలదు. వేతనము ముట్టలేదని అర్జీ వచ్చినప్పుడు, ముట్టినదని ఋజువు చేయవలసిన భారము యజమానిదే. అర్జీకి గడువు మూడు సంవత్సరములు. అధికారి బాకీతో పాటు పది రెట్లవరకు పరిహారము విధింపవచ్చును. అధిక గంటలకు రెట్టింపునకు తక్కువ కాని వేతనము అనునది అందులోను నిలిచియున్నది. వేరొక ప్రక్క 2025 జూన్ నెలలో మన రాష్ట్ర మంత్రివర్గము ఫ్యాక్టరీలలో దినమునకు తొమ్మిది గంటలున్న హద్దును పదికి పెంచుటకు నిర్ణయించినది. వారమునకు 48 మాత్రము మారలేదు. గంటలు సాగినకొలది నోటు పుస్తకము అవసరము పెరుగును.

ఆ మూడేండ్ల గడువు అప్పుడే ఉన్న యెడల నా సర్దుబాటు మాటల వలన ఆ కుటుంబమునకు అంత నష్టము కలిగియుండదు. కాని గడువు చాలలేదని చట్టము మీద త్రోసివేసి నేను తప్పించుకొనజాలను. ఆరు నెలలైనను చాలును, నేను నోరు మూసికొనియున్న యెడల!

ఇక మన మఠముల మాట. పెద్దలు ఆగ్రహింపరాదు. శివరాత్రి నాటి రాత్రియంతయు మనము జాగరణ చేయుదుము. వంటశాలలో కూలికి వచ్చిన వంటవారును జాగరణ చేయుదురు. మనది వ్రతము, వారిది పని. తెల్లవారిన పిమ్మట అన్నదానమునకు వారే వడ్డింతురు. కావలివాడు, పాత్రలు తోమువారు, కల్యాణమండపము ఊడ్చువారు, మఠము బడులలో హాస్టళ్లలో పనిచేయువారు. కూలి చాలలేదని వారడిగినప్పుడు మనమేమందుము? "ఇది శివకార్యము, దాసోహమనుకో" అందుము. నేనును అంటిని. శరణులు నేర్పిన దాసోహము ఇచ్చువాడు తన సంపాదనలోనుండి, తన ఇచ్ఛతో, నేనిచ్చితినన్న తలపు లేక సమర్పించునది. పుచ్చుకొనువాడు ఎదుటివాని తరఫున ప్రకటించుకొనునది కాదు. వంటవాడు తన కూలి తాను పుచ్చుకొని, అందులో పది రూపాయలు తెచ్చి జంగమ పాదములకడ పెట్టినచో అది దాసోహము. ఆ పది రూపాయలను మనమే వాని జీతములో పట్టుకొన్నచో దానికి వేరే పేరున్నది, వ్రాయను.

ఆగిన కూలితో వండిన అన్నము ప్రసాదమగునా యని ఒక యువకుడు సభ ముగిసిన పిమ్మట నన్నడిగెను. అష్టావరణములలో ప్రసాదము కడపటిది, గురు లింగ జంగములకు అర్పితమైనది. అర్పించువానిది కాని ద్రవ్యము అర్పితమెట్లగును? అని నేను ఎదురు ప్రశ్న వేసితిని. ఆ శివరాత్రి మరునాడు నేను తినిన అన్నమేమిటని వాడు అడుగలేదు. అడుగునేమో యని భయపడితిని.

యజమానులగు మన సోదరులలో కొందరు, ఇట్లు మాట్లాడినచో పనివారు తలకెక్కుదురని అనిరి. పనివాడు చేయని గంటను చేసితినని వ్రాసినచో అదియు దొంగతనమే. కాయకమున కల్తీ కూలివానికిని పనికిరాదు. కాని నేను చూచిన పుస్తకములో కొట్టివేత ఒక్కటే కలదు, అది యజమానికి లాభించు కొట్టివేత. మిల్లులోని హాజరు పట్టీలో వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాయు గళ్లే లేవు.

ఆ మిల్లు యజమాని లింగైక్యమందినారు. మిల్లును ఇప్పుడు కుమారుడు నడుపుచున్నాడు. అతడును నాకడ చదివినవాడే. బసవ జయంతి గడచిన నాలుగవ నాడు పుస్తకము తీసికొని వారింటికి వెళ్లితిని. చట్టము ప్రకారము దీనికి కాలదోషము పట్టినదనియు, నిన్ను ఏ అధికారియు అడుగడనియు ముందే చెప్పితిని. అతడు పుటలు త్రిప్పుచు, కొట్టివేసిన రెండు గంటలకడ ఆగెను. "ఇదేమిటి మాస్టారూ?" అనెను. చెప్పితిని. లోపలికి వెళ్లి క్యాలిక్యులేటరు తెచ్చి, మొదటి సీజను సగము వరకు కూడెను. ఇంతలో లారీ వచ్చినదని కాటా కడనుండి కబురు వచ్చెను. "పుస్తకం ఇక్కడే ఉంచి వెళ్లండి, సోమవారం రండి" అనెను.

ఉంచి రాలేదు. ఆ పుస్తకము నాది కాదు, ఒకరు నమ్మి ఇచ్చినది. ఉన్న పుటలన్నింటికి నకలు వ్రాసి సిద్ధముగా పెట్టితిని. హైదరాబాదులోని వాని విలాసము పాత విద్యార్థుల వలన తెలిసికొంటిని. సోమవారము ప్రాతఃకాల పూజ ముగించుకొని మిల్లుకు పోవుదును. ఈ సంచిక మీ చేతికి అందునాటికి ఏమి జరిగినదో వచ్చు సంచికలో వ్రాయుదును, సంపాదకులు చోటిచ్చిన యెడల.